సందు లేని తలుపు

చీకటి పడ్డాక మా ఊరి వడ్రంగి ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. చుట్టుతిరుగుడైనా వెనక వీధే నయమంటారు. కూలిన ఇంట్లోంచి కర్ర గీకుతున్న చప్పుడు... సర్ర్... సర్ర్... చచ్చిపోయిన ఇల్లాలు గోళ్ళతో తలుపు గీరుతోందని చెప్పుకుంటారు.

మా ఊరి కింద నేలలో పెద్ద చీలిక ఉంది. ఎప్పుడు కదులుతుందో దానికే తెలియదు. అందుకే మా దగ్గర తలుపులు వదులుగా బిగిస్తారు — చుట్టూ వేలు దూరేంత సందు. గోడ ఒరిగినా తలుపు పట్టేయకూడదని. ఆ సందుల పుణ్యమా అని ఏ మొగుడూపెళ్ళాల గుట్టూ దాగదు, చలికాలం ఎవరి ముక్కూ కారకుండా ఆగదు. అయినా ఎవరూ పూడ్చరు.

ఊరందరికీ సందు వదిలే వడ్రంగి, తన ఇంటి తలుపుకి మాత్రం అంచుల్లో చెక్కలు కొట్టి పూడ్చేశాడు. ఆ చలికాలంలోనే ఒక పగటిపూట నేల కదిలింది. అతను పనికెళ్ళాడు. ఇంట్లో భార్య ఒక్కతే. తలుపు పట్టేసింది... పైకప్పు ఆగలేదు.

ఆవిడ తమ్ముడు బస్సు డ్రైవరు. తల్లి పోతే ఆ అక్కే పెంచింది. శవం ముందే బావ చొక్కా పట్టుకుని, "నువ్వే చంపావ్!" అని అరిచాడు. బావ తల దించుకున్నాడే గానీ నోరు మెదపలేదు. ఆ తరవాత ఇద్దరికీ మాటల్లేవు.

ఇదంతా ఆ డ్రైవరు నాతో చెప్పిందే. ఒక రాత్రి బస్సు డిపోలో పెట్టి, కావాలనే ఆ వీధిన నడిచాడట.

"భయమెయ్యలేదా అన్నా?" అన్నాను.

"దెయ్యమైతే ఏంట్రా, మా అక్కే కదా. ఒక్కసారి కనబడితే చాలనుకున్నా."

సర్ర్... సర్ర్...

వెనక గోడ కూలిన చోటు నుంచి లోపలికి దూరాడు. కాళ్ళ కింద పెంకులు. గదిలో మసక వెలుతురు — నేల మీదికి వంగి, ఒక ఆకారం...

"అక్కా..."

చప్పుడు ఆగింది.

"ఎవరూ?"

బావ! ఎదురుగా ఆ తలుపు పడుకోబెట్టి, చిత్రిక పడుతున్నాడు. కొట్టిన చెక్కలు ఎప్పుడో పీకేశాడు, ఇప్పుడు తలుపునే చెక్కుతున్నాడు. దాన్ని మూసినా పక్క నుంచి మనిషి దూరిపోవచ్చు, అంతగా అరగదీశాడు.

"ఇంకాస్త తీస్తే సరిపోతుందిరా," అన్నాడు గుసగుసగా.

డ్రైవరుకి కోపం రాలేదట. "అసలెందుకు పూడ్చావ్ బావా?"

"మీ అక్క చలిగా ఉందంది."

"అక్కకి చలేంటి? ఎంత చలిలోనూ దుప్పటి తన్నేసేది..."

బావ చిత్రికలో ఇరుక్కున్న పొట్టు తీస్తూ కూర్చున్నాడు.

అప్పుడు డ్రైవరుకి గుర్తొచ్చింది. ఆ చలికాలం జ్వరంతో, దగ్గుతో అక్క ఇంట్లో పడుకున్నది తనే. మంచం ఆ తలుపు పక్కనే. ఒక పొద్దున లేచేసరికి గాలి రావడం లేదు. హాయిగా ఉందని మళ్ళీ ముసుగు తన్నాడు. జ్వరం తగ్గి తను మళ్ళీ బస్సెక్కాకే నేల కదిలింది.

"నా కోసమా బావా?"

"ఊరుకో. జబ్బు మనిషివి, నీ తప్పేముంది?"

"మరి అంతమందిలో తిట్టినప్పుడైనా చెప్పొచ్చుగా!"

"అక్క ఎలాగూ పోయింది... ఇది కూడా నీ నెత్తినెందుకని."

డ్రైవరు ఆ పొట్టులోనే కూలబడిపోయాడు.

ఇప్పుడా ఇంట్లో రెండు దెయ్యాలున్నాయంటున్నారు మా వాళ్ళు. ఒకటి తలుపు గీరుతుందట, ఒకటి వెక్కివెక్కి ఏడుస్తుందట. నేను కాదనను. ధైర్యం చేసి ఎవరైనా వెళ్ళి చూశారంటే, పాపం వాళ్ళిద్దరికీ ఆ చోటు కూడా లేకుండా పోతుంది.