గాలి తాత బిగించిన బోల్టు

ఆ ఇంట్లో గడియారాన్ని ఎవరూ చూడరు, కంప్రెసర్‌ని వింటారు. ముందు గది టైర్ల షాపు, దాని గోడకి ఆనుకునే పడకగది. పొద్దున్నే మోటారు మొదలై, ట్యాంకు గాలితో నిండగానే తుస్సుమని ఆగుతుంది. అది ఆగేలోపు కోడలు పాలు కాచేస్తుంది. మళ్లీ మొదలయ్యేలోపు పాపకి స్నానం చేయించేస్తుంది.

ఇరవై నాలుగేళ్ల మిషను అది. దాన్ని అన్నేళ్లు బతికించింది మామగారు. వీధి పిల్లలు ఆయన్ని గాలి తాత అంటారు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయినా, దాని సేవ మాత్రం ఎవరికీ వదల్లేదు. రోజూ సాయంత్రం ట్యాంకు అడుగున కుళాయి తిప్పి లోపల చేరిన నీళ్లు తీసేయడం, వారానికోసారి ఫిల్టరు దులపడం, నూనె చూడడం, అన్నీ ఆయనే. కొత్తది కొందామని కొడుకు అంటే చాలు, మూతి ముడుచుకునేవారు.

"దానికేం జబ్బురా? జబ్బొచ్చింది నాకు."

"దానికి పోసిన నూనెలో సగం నీ చేతికి రాసుకునుంటే ఈపాటికి చెయ్యి లేచేది నాన్నా," అని కొడుకు ఆటపట్టించేవాడు.

ఆ రోజు పాలు పొంగాయి. కోడలు దించింది, గ్లాసుల్లో పోసింది, గిన్నె కూడా కడిగేసింది. మోటారు ఆగలేదు.

ముందు పట్టించుకోలేదు. తర్వాత చప్పుడు మారింది. బరువు మోయలేక మూలుగుతున్నట్టుంది. తడి చేతులతోనే షాపులోకి వెళ్లి గేజీ చూసింది. ముల్లు ఎర్రగీత దాటిపోయి ఇంకా పైకి పాకుతోంది. ఆ గోడకి అవతల పాప పడుకుని ఉంది.

"ఏవండీ!" అని అరిచాననుకుంది. గొంతులోంచి గాలే వచ్చింది. రెండోసారికి కేక బయటపడింది.

వీధిలో చక్రం విప్పుతున్న భర్త స్పానరుతో పరిగెత్తుకొచ్చాడు. వస్తూనే, ట్యాంకు నిండితే మోటారుని ఆపే ఆటో స్విచ్ మీద ఒక్కటేశాడు. ఆగలేదు. ఇంకోటి వేశాడు. అప్పుడూ ఆగలేదు.

"కొట్టకురా!" గుమ్మంలోంచి గాలి తాత అరిచారు. "బయట మీటరు దగ్గర మెయిన్ తీసెయ్! అమ్మాయ్, పాపని తీసుకో, పెరటి గుమ్మంలోంచి పో!"

పడకగదిలోకి ఆమె వెళ్లింది. గోడ అదురుతోంది. అలమరలో గ్లాసులు టకటకలాడుతున్నాయి. పాప నోట్లో వేలు పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది. దుప్పటితో సహా గుండెలకి హత్తుకుని, వెనక్కి చూడకుండా పెరట్లోంచి వీధిలోకి పరిగెత్తింది. ఎక్కడ పేలిపోతుందో, ఏ క్షణంలో పేలిపోతుందో, వీపంతా అదే భయం.

మోటారు ఆగింది. అప్పుడు మరీ భయమేసింది. మోటారు ఆగినంత మాత్రాన లోపలి గాలి ఎక్కడికి పోతుంది?

"ఎవరూ లోపలికి పోవద్దు," అన్నారు గాలి తాత. టైర్లకి గాలి కొట్టే పొడుగు పైపు రోడ్డు దాకా పరిచి ఉంది. దాని కొస కుడిచేత్తో పట్టుకుని మీట నొక్కారు. బుస్సుమని గాలి మొదలైంది. ఒంటి చేత్తో పట్టు నిలవడం లేదు. కొడుకు వచ్చి ఆ చేతి మీద తన చెయ్యి వేసి బిగించాడు. ఆ బుస ఎంతకీ తరగలేదు.

చప్పుడు పూర్తిగా ఆగాక కొడుకు లోపలికి వెళ్లాడు. వెళ్లినంత వేగంగా బయటికొచ్చాడు.

"సేఫ్టీ వాల్వు ఏది? దాని చోట బోల్టు ఉంది! ఎవరు బిగించారు?"

"నేనే."

"ఎందుకు?"

"ఊరికే గాలి వదిలేస్తోంది. మోటారు తొందరగా అరిగిపోతుందని..."

"మతుండే చేశావా నాన్నా? ఎక్కువైన గాలి పోయే దారి అదొక్కటే! పాప గోడ అవతలే పడుకుంటుంది! ఇవాళ్టి నుంచి నువ్వు షాపులో కాలు పెట్టడానికి వీల్లేదు!"

గాలి తాత తల వంచుకున్నారు. కోడలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కావాలనే చూడలేదు. అది ఆమెకి అర్థమైంది.

పది రోజుల క్రితం ఆ వాల్వు ఉండుండి ఈల వేయడం మొదలుపెట్టింది. వేసినప్పుడల్లా పాప ఉలిక్కిపడి లేచేది. నిద్రలేక కళ్లు మండుతున్న ఆమె, "మామయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఆ ఈల ఎలాగైనా ఆపించండి," అని ఏడ్చింది. మర్నాటికి ఈల లేదు. ఎలా ఆగిందని అడగలేదు. ఆ సంతోషంలో ఆయనకి రెండో గ్లాసు టీ మాత్రం ఇచ్చింది.

నోరు మూసుకుంటే తన మీదికి రాదు. మొగుడి కోపం చూస్తే మూసుకోవాలనే ఉంది. పాప ఆమె మెడ కింద వెచ్చగా ఊపిరి తీసుకుంటోంది.

"నేనే ఆపించమన్నాను," అంది. "పాప లేస్తోందని. ఆయన నన్ను కాపాడుతున్నారు. తిడితే నన్ను తిట్టండి."

అతను పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"పది రోజులుగా స్విచ్ అతుక్కుంటోంది," అన్నాడు నేల చూస్తూ. "స్పానరుతో ఒకటేస్తే ఆగుతోంది కదా అని నెట్టుకొస్తున్నాను. ఈల వేసింది అందుకే. ఎవరికీ చెప్పలేదు నేను."

"అమ్మాయి ఈల ఆపమంది గానీ బోల్టు బిగించమనలేదురా," అన్నారు గాలి తాత. "ఎందుకు కూస్తోందో చూడాల్సినవాణ్ని నేను. ఒంటి చేత్తో స్విచ్ విప్పలేను. నిన్ను విప్పమని అడగడానికి నామోషీ. బోల్టయితే బిగించగలను కదా అని..." ఆయన పాప వైపు చూశారు. "నా మనవరాల్ని నేనే చంపుకునేవాణ్ని."

ఆమె పాపని ఆయన కుడిచేతిలో పెట్టింది. ఆయన గుండెలకి ఆన్చుకున్నారు. పడిపోకుండా కొడుకు లేచి కింద తన చెయ్యి పెట్టాడు.

రెండు రోజుల తర్వాత ట్యాంకు పరీక్షించడానికి వచ్చినాయన లోపలికి లైటు వేసి చాలాసేపు చూశాడు.

"ఇన్నేళ్లకి ఈ పాటి తుప్పేనా? రోజూ నీళ్లు తీశారన్నమాట. తుప్పు తిన్న ట్యాంకైతే మొన్ననే పేలిపోయేది," అన్నాడు.

కొడుకు లోపలికెళ్లి తండ్రికి కుర్చీ తెచ్చి, షాపులోనే, కంప్రెసర్ ఎదురుగా వేశాడు.

కొత్త స్విచ్, కొత్త వాల్వు వచ్చాయి. పాప ఉయ్యాల వెనక గదికి మారింది. మర్నాడు పొద్దున గాలి తాత వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, వాల్వు పనిచేస్తోందో లేదో రింగు లాగి చూడాలి. కూస్తుంది. పాప పడుకుందా?"

"ఇప్పుడే పడుకుంది మామయ్యా."

"అయితే మధ్యాహ్నం చూస్తాలే. లేస్తుంది."

"లేవనివ్వండి."

రింగు లాగారు. ఇల్లంతా అదిరిపోయేలా ఈల మోగింది. ఆ వెంటనే పాప అందుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. కోడలు స్టవ్ ఆపి, అక్కడే నిలబడి, కూతురి ఏడుపు వింటూ తనూ ఏడ్చేసింది.

"రోజూ లాగండి మామయ్యా," అంది కళ్లు తుడుచుకుంటూ.