వదినె వినని వాంగ్మూలం

స్తంభాన్ని చీల్చుకొని వచ్చి, దిక్కులేని బాలుని పక్షాన నిలిచిన యాదగిరి నరసింహునికి మొక్కి ఈ కథ మొదలుపెడుతున్నాను. వినవలసిన మొరను వినే చెవిని ఆ స్వామి మనకు ప్రసాదించుగాక.

శేరిలింగంపల్లిలోని రెండు గదుల ఇంట్లో స్రవంతి తన నల్లకోటును ఇస్త్రీ చేసుకుంటున్నది. వకీలును పెట్టుకొనే స్తోమత లేని ముద్దాయిల కోసం ప్రభుత్వం నియమించిన ఉచిత న్యాయవాది ఆమె. రైల్వే కోర్టులో వాదిస్తుంది. పొయ్యి దగ్గర అత్త ఈరమ్మ జొన్నరొట్టెలు చేస్తూ చిన్నకొడుకు రాజును దులిపేస్తున్నది.

"నువ్వు పట్టాల మీద కూసుంటెనే తెలంగాణ వస్తదారా? గచ్చిబౌలి కంపెనోళ్లు బండి నడపనియ్యమన్నరు. పోలీసు కాయితంల శిక్ష పడ్డట్టు ఉన్నదట!"

"ఊకో అమ్మా, రొట్టె మాడుతున్నది."

"రొట్టె మాడితె ఇంకోటి చేస్త. నౌకరి మాడిపోయె, గదెవరు చేస్తరు? మీ వదినెను చూసి సిగ్గు తెచ్చుకో. ఆమె ఉండబట్టి ఆ పూటనే ఇంటికొచ్చినవ్."

స్రవంతి చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

నాలుగు నెలల క్రితం, రైల్‌రోకో నాడు లింగంపల్లి స్టేషనులో పట్టుబడిన పద్దెనిమిదిమందిని కోర్టుకు తెచ్చారు. వారిలో రాజు ఒకడు. నేరం ఒప్పుకొంటే కోర్టు లేచేవరకు అక్కడే కూర్చోవడం, అంతే శిక్ష. ఆమె అందరిచేతా వరుసగా ఒప్పించింది. "వదినె, నేను పట్టాల మీదికే పోలే..." అని రాజు మొదలుపెట్టాడు. "అవన్నీ ఇప్పుడెందుకు? ఒప్పుకో, పొద్దుగూకేసరికి ఇంట్ల ఉంటవు" అని ఆమె అడ్డుపడింది. ఒక్కపూటలో పద్దెనిమిది కేసులు తేల్చినందుకు మేజిస్ట్రేటు మెచ్చుకొన్నారు. ఆ మెప్పును ఇంటికి వచ్చి రెండుసార్లు చెప్పుకొన్నది. రాజు నవ్వుతూ విన్నాడు. ఒప్పుకొన్న నేరం రికార్డులో నిలిచిపోతుందన్న మాట మాత్రం ఆమె ఆనాడు ఎవరికీ చెప్పలేదు.

ఇంతకాలమూ తల్లి తిట్లన్నీ అతడు తలవంచుకొని మోస్తున్నది ఎవరి గౌరవం కోసమో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"అత్తమ్మా, రాజును తిట్టకు. ఆయన పట్టాల మీద కూసోలే. తప్పు నాది."

"వదినె, జర ఊకో!" అన్నాడు రాజు.

ఈరమ్మ పెనం దించింది. "ఎరుకుండే ఒప్పించినవా?"

"వినలేదత్తమ్మా. వింటే ఆలస్యమైతదని వినలేదు."

ఈరమ్మ పొయ్యి ఆర్పి కోడలి దగ్గరకు వచ్చింది. తరువాత మెల్లగా అన్నది. "నా కొడుకు సంగతి పక్కన పెట్టు. కడమ పదిహేడుమంది అమ్మలు గూడ ఈ పూట నాలెక్కనే తిట్టుకుంట కూసున్నరేమో బిడ్డా!"

ఆ మాట స్రవంతి గుండెలో గుచ్చుకున్నది. పదిహేడు ముఖాలలో ఒక్కటైనా గుర్తుకు రాలేదు. ఆమె నేలమీద కూలబడి ఏడ్చింది.

"పై కోర్టుకు పోవచ్చు" అన్నది చివరకు. "వేరే వకీలు వాదించాలె. నేను వాళ్ల మాట వినలేదని, సంగతి విడమరిచి చెప్పలేదని నేనే రాసి సంతకం పెట్టాలె. పద్దెనిమిదిమందికీ."

"నీ పేరు ఖరాబైతది. ఆ పనిల నుంచి తీసేస్తరు. వద్దు వదినె, నేను ఇంకేదన్న బండి చూసుకుంట."

"కోర్టుల గూడ గిట్లనే తల వంచినవ్. ఇగ వంచకు."

ఈరమ్మ రొట్టె, పచ్చడి ఉన్న పళ్లెం కోడలి ముందు పెట్టింది. "తిని రాయి. ఏడుసుకుంట రాస్తె అక్షరాలు వంకర పోతయ్" అంటూ తానే కొంగుతో కళ్లు తుడుచుకొన్నది.

వీధిలో ఆఫీసు బస్సులు ఒకదాని వెనుక ఒకటి గచ్చిబౌలి వైపు పోతున్నాయి. కోర్టు వేళ దగ్గరపడుతున్నా స్రవంతి గడియారం చూడలేదు. తెల్లకాగితం ముందు పెట్టుకొని మరిదికి ఎదురుగా కూర్చున్నది.

"ఆ రోజు స్టేషనుకు ఎందుకు పోయినవ్? మొదటినుంచి చెప్పు."

"ఓ ముసలమ్మ సంచి మోయలేక ప్లాట్‌ఫారం మీద నిలబడ్డది వదినె..." అని రాజు మొదలుపెట్టాడు. అతడు చెప్పి ముగించేవరకు ఆమె ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

ఈ కథ విన్నవారి ఇళ్లలో ఎవరి మాటా సగంలో ఆగకుండుగాక. తప్పు ఒప్పుకొనే ధైర్యమూ, దానిని మన్నించే మనసూ ఒకే గడపలో కలిసి ఉండుగాక. సర్వులకూ శుభమగుగాక.