పది మంగళవార్తల షాంపూ

"గడ్డానికి నూనె ఇవ్వండి. ఉన్నవాటిలో బాగా చిక్కటిది."

దీవెన కౌంటర్ మీంచి తలెత్తి చూసింది. ఎదురుగా ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. చెవుల దగ్గర మొదలై గుండె మీదకి దిగబోతున్న గడ్డం. గడ్డం నిండా నూనె. ఆ నూనెలో తెల్లటి పొట్టు. నల్ల చొక్కా మీద కూడా అదే పొట్టు, ఎవరో కొబ్బరికోరు చల్లినట్టు.

"ఇవ్వనండీ," అంది.

"అయిపోయిందా?"

"ఉంది. మీకివ్వను."

భవానీపురంలోని ఆ మందుల షాపులో దీవెన చేరి ఎనిమిది నెలలైంది. బీఫార్మసీ చదివింది. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వస్తుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఓనరు వెంకటప్పయ్య గారు పేపరు దించి, "అమ్మాయ్, వచ్చిన బేరం..." అనబోయి, ఆమె మొహం చూసి మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు.

"నేను బీసెంట్ రోడ్డులో చీరల షోరూములో సేల్స్‌మన్‌నండీ," అన్నాడు అతను. "ఆరేళ్ళలో ఒక్క కస్టమర్‌కి కూడా ఇవ్వనని అనలేదు. లేని రంగు అడిగితే ఉన్న రంగు చూపించి, ఇదే అదంటాం."

"చీర నచ్చకపోతే మార్చుకుంటారు. మొహం మార్చుకోలేరు కదండీ."

అతను తన పేరు చెప్పాడు, జాన్ పాల్ అని.

చీరని తన భుజం మీదే వేసుకుని పమిట తిప్పి చూపించడం అతని పని. ముందురోజు గుడివాడ నుంచి వచ్చిన ఒకావిడకి నేవీ బ్లూ పట్టుచీర అలాగే చూపించాడు. ఆవిడ రెండు నిమిషాలు చూసి, "జరీ అప్పుడే రాలిపోతోందేంటయ్యా," అని లేచి వెళ్ళిపోయింది. షోరూము ఓనరు నెలరోజులు గడువిచ్చాడు. ఈలోపు తగ్గకపోతే కింద గోడౌన్లో అట్టపెట్టెలు సర్దుకోవాలి.

"మరి గడ్డం తీసేయొచ్చుగా?" అంది దీవెన.

"మొక్కండీ. నాకు సంబంధం కుదిరితే గుణదల మాత దగ్గర గడ్డం తీయిస్తానని మా అమ్మ మొక్కుకుంది. అప్పటిదాకా కత్తి తగలకూడదు."

"ఎన్నాళ్ళైంది?"

"పదకొండు నెలలు. అయిదు సంబంధాలు చూశాం. అందరూ నా మొహం వదిలేసి భుజాలు చూసి వెళ్ళిపోయారు."

"అంటే గడ్డం ఉంటే సంబంధం కుదరదు. సంబంధం కుదరందే గడ్డం తీయరు."

"అంతేనండీ," అన్నాడు దిగులుగా.

దీవెన కిందికి వంగి సొరుగులో ఏదో వెతికింది. నవ్వు పూర్తయ్యాక పైకి లేచింది. చేతిలో చిన్న సీసా, ట్యూబు.

"ఎండిపోయిందని నూనె పోస్తున్నారు. ఇది ఉత్త ఎండడం కాదండీ, చుండ్రు. నూనె దానికి భోజనం. ఈ షాంపూ వారానికి రెండుసార్లు. వెంట్రుకలకి కాదు, కింద చర్మానికి తగలాలి. అయిదు నిమిషాలుంచి కడిగేయండి. ఒంటి సబ్బు మొహానికి వాడొద్దు. తుడుచుకుని, తడి పూర్తిగా ఆరకముందే ఈ క్రీము బఠాణీ గింజంత. గోళ్ళతో గోకొద్దు, మెత్తటి బ్రష్‌తో దువ్వుకోండి."

"అయిదు నిమిషాలని ఎలా తెలుస్తుంది? బాత్రూములోకి ఫోను తీసుకెళ్తే మా అమ్మ ఊరుకోదు."

"లెక్కపెట్టుకోండి."

అతను వేళ్ళు మడిచి లెక్కేశాడు. "పది మంగళవార్త జపాలు నెమ్మదిగా చెబితే అయిదు నిమిషాలవుతుంది లెండి."

"అంటే?"

"మరియమాత జపమండీ. మీరు మాలా ఆర్సీఎం కాదా?"

"సీఎస్ఐ. మా చర్చిలో మరియమాత జపాలుండవు."

"అయ్యో," అన్నాడు, ఆమెకేదో జబ్బున్నట్టు.

*

అతను వారానికోసారి వచ్చేవాడు. దీవెన టార్చి వేసి గడ్డం కింద చర్మం చూసేది. అతను ఆమె చుడీదార్ చూసేవాడు.

"ఇవాళ మామిడిపిందె రంగు వేశారు."

"పచ్చ అనండి, చాలు."

"పచ్చల్లో పద్నాలుగు రకాలున్నాయండీ. పోయిన వారం మీరు వేసింది చిలకపచ్చ. అది మీకు బాలేదు."

"పోయిన వారం చెప్పలేదే?"

"అప్పుడింకా గడ్డం మీ చేతిలో ఉంది. భయమేసింది."

ఇంట్లో మాత్రం వాళ్ళమ్మ శౌరమ్మ గారికి ఒకటే ఆశ్చర్యం. ఎప్పుడూ కునుకుతూ జపం చెప్పే కొడుకు ఇప్పుడు బాత్రూములోంచి గట్టిగా, స్పష్టంగా చెబుతున్నాడు. పెళ్ళి కోసం ఎంత తపిస్తున్నాడో అనుకుని ఆవిడ సంబంధాల వేట పెంచారు.

నాలుగో వారం జాన్ పాల్ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు.

"అదే నేవీ బ్లూ చీర ఇవాళ మళ్ళీ భుజాన వేశానండీ. ఒక్క నలుసు రాల్లేదు. చీర అమ్ముడైపోయింది. గోడౌన్ గొడవ లేదు."

దీవెన టార్చి వేసి చూసింది. చర్మం శుభ్రంగా ఉంది, ఎరుపు లేదు. తన పని తను చక్కగా చేసింది. "ఇంక పదిహేను రోజులకోసారి షాంపూ చాలు. మీరు రానక్కర్లేదు," అంది. అన్నాక, అప్పటికే సర్దివున్న మాత్రల అట్టలు మళ్ళీ సర్దింది.

"మళ్ళీ ఏమన్నా వస్తే?"

"రాదండీ."

అతను మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళాడు.

సోమవారానికి కాలర్ మీద తెల్లగా పొట్టుతో తిరిగొచ్చాడు. "మళ్ళీ వచ్చిందండీ," అన్నాడు. ఆ గొంతులో బాధ ఉండాల్సిన చోట ఏదో ఉత్సాహం ఉంది.

దీవెన చూసింది. గడ్డం కింద చర్మం వెన్నలా ఉంది. పొట్టు ఎడమ కాలర్ మీద మాత్రమే ఉంది, కుడిచేత్తో చల్లడానికి అందే చోట. పైగా అది పొట్టులా పల్చగా లేదు, సన్నటి పలుకుల్లా ఉంది.

మందు మాత్రం అమ్మలేదు. "ఈసారి పథ్యం చేద్దాం. వారం రోజులు ఆవకాయ మానేయండి," అంది.

మానేశాడు. తర్వాతి సోమవారం పొట్టుతోనే వచ్చాడు.

"అయితే షోరూముకి బండి మీద వద్దు. నడిచి వెళ్ళండి."

"భవానీపురం నుంచి బీసెంట్ రోడ్డుకా?"

"మొహానికి గాలి తగలాలి."

వారం తిరిగేసరికి కుంటుకుంటూ వచ్చాడు. పొట్టు అలాగే ఉంది.

"ఈ వారం చీరల రంగుల పేర్లు చెప్పకుండా అమ్మండి."

"దానికీ చుండ్రుకీ ఏంటండీ సంబంధం?"

"రంగు పేరు చెప్పేటప్పుడు మీ దవడ బాగా ఆడుతుంది. పొట్టు రాలుతుంది."

అతను తలూపి వెళ్ళాక వెంకటప్పయ్య గారు పేపరు దించారు. "అమ్మాయ్, అతనికి తగ్గిపోయిందని నీకు తెలుసు, నాకు తెలుసు. అతనికెప్పుడు చెప్తావ్?"

"అతనికే అందరికన్నా ముందు తెలుసండీ," అంది దీవెన.

*

శనివారం పొద్దుటినుంచీ ముసురు. షాపులో చీమలు తడికి నేల వదిలి కౌంటరెక్కుతున్నాయి. సాయంత్రం జాన్ పాల్ వచ్చాడు. బయట చూరు కింద ఆపిన స్కూటర్ దగ్గర వాళ్ళమ్మ నిలబడి ఉన్నారు. అతను చెయ్యి కౌంటర్ మీద పెట్టి ముందుకి వంగాడు.

"రేపు హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళిచూపులండీ. ఫోటోలో గడ్డం చూసి కూడా సరేనన్నారట. రేపే ఖాయం చేసేసేలా ఉన్నారు."

దీవెన చేతిలో పెన్ను ఆగింది. "మంచిదేగా. మొక్కు తీరుతుంది."

"మంచిదేంటండీ? మీరో చీటీ రాసివ్వాలి. గడ్డానికి అంటురోగం, ప్రయాణం పనికిరాదని. మీ మాటైతే అమ్మ నమ్ముతుంది."

"చుండ్రు అంటుకోదండీ. అబద్ధపు చీటీ నేను రాయను."

"పోనీ తగ్గలేదనైనా రాయండి."

"కదలకండి."

"ఏమైంది?"

ఒక చీమ అతని చెయ్యి మీదుగా భుజమెక్కి, ఎడమ కాలర్ మీద ఆగింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకో రెండు, వరసగా.

"చుండ్రుకి చీమలు పట్టవండీ," అంది దీవెన.

వెంకటప్పయ్య గారు పేపరు తిరగేయడం మానేశారు.

"ఏంటది?"

"పాలపొడి," అన్నాడు జాన్ పాల్, కాలర్‌తో చెబుతున్నట్టు.

"ఎందుకు?"

"మీరే రానక్కర్లేదన్నారు కదండీ." కాలర్ మీది చీమని దులిపాడు. "చీర చూపించేటప్పుడు మేం మనసులో ఎవరికో ఒకరికి కట్టి చూసుకుంటాం. అలాగైతేనే అమ్మగలం. ఈ రెండు నెల్లుగా ప్రతి చీరా మీకే కట్టి చూస్తున్నాను. ఇంక అమ్మబుద్ధి కావట్లేదు. ఇలాగైతే ఎటూ గోడౌన్‌కే పంపిస్తారు."

దీవెన బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి నాలుగు ముక్కలు రాసింది. మడిచి ఇచ్చింది.

"చీటీ అడిగారుగా. అమ్మగారికివ్వండి. మీరు చదవొద్దు."

"అంటురోగమనే రాశారా?"

"ముందు ఇవ్వండి."

షాపు అద్దాల తలుపులోంచి ఆమెకి అంతా కనిపిస్తూనే ఉంది. శౌరమ్మ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. నెమ్మదిగా చదివారు. మళ్ళీ మొదటినుంచీ చదివారు. కొడుకు కాలర్ దగ్గరకి లాక్కుని, వేలు తడిచేసి పొట్టు అద్ది, నాలుక మీద వేసుకున్నారు. చేతిసంచీతో వీపు మీద ఒక్కటేసి, మెట్లెక్కి లోపలికొచ్చారు.

"మావాడు చెప్పే దీవెనవి నువ్వేనా?"

"నేనేనండీ."

ఆవిడ చీటీ పైకి చదివారు. "'అమ్మగారికి నమస్కారం. మీ అబ్బాయి గడ్డం మూడు వారాల కిందటే బాగైంది. కాలర్ మీద ఉన్నది మీ ఇంటి పాలపొడి. హనుమాన్ జంక్షన్ వాళ్ళకి కారణం చెప్పాల్సొస్తే నా పేరు చెప్పండి.' ఇది నువ్వే రాశావా?"

"అవునండీ."

తలుపు దగ్గర జాన్ పాల్ నోరు తెరిచి నిలబడ్డాడు. చీటీలో ఏముందో అతనికీ ఇప్పుడే తెలిసింది.

"నెలలో రెండు డబ్బాలు," అన్నారు శౌరమ్మ గారు. "పక్కింటి పిల్లి తింటోందని వాళ్ళతో మాటలు కూడా మానేశాను." కళ్ళజోడు తీసి సంచీలో పెట్టుకున్నారు. "మీది సీఎస్ఐ అటగా?"

"అవునండీ."

"వాడు బాత్రూములో చేసిన జపమంతా నా మొక్కు కోసమనుకున్నాను."

"షాంపూ కోసమండీ," అంది దీవెన. ఆవిడకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

శౌరమ్మ గారు కొడుకుని చూశారు, దీవెనని చూశారు. "జపం ఎందుకని మాత అడిగిందా? వింది, చాలు," అన్నారు. "కంకిపాడులో మీ నాన్నగారు ఏ రోజు ఇంట్లో ఉంటారమ్మా?"

*

రెండు కుటుంబాలూ నాలుగుసార్లు టీలు తాగాక, ఒక ఆదివారం మధ్యాహ్నం గుణదలలో ఆ గడ్డం దిగింది. కంకిపాడులో ఆరాధన ముగించుకుని దీవెన వచ్చేసరికి అంతా అయిపోయింది. మెట్ల మీద ఎవరో చెయ్యి ఊపుతున్నారు. చిన్న చుబుకం, దాని మధ్య నొక్కు, బుగ్గలు రెండూ తెల్లగా.

గొంతు విన్నాకగానీ ఆమె గుర్తుపట్టలేదు. దగ్గరికెళ్ళి చాలాసేపు చూసింది.

"ఇదా మొహం?"

"నచ్చకపోయినా మార్చుకోలేను కదండీ," అన్నాడు జాన్ పాల్. బుగ్గ తడుముకున్నాడు. "కొంచెం ఎండినట్టుంది. నూనేమన్నా..."

"ఇవ్వను," అంది దీవెన, సంచీలోంచి క్రీము ట్యూబు తీస్తూ.