మూడో గాదెలో తోడేలు

"ఇందులో సగం నీది, కోర్విన్. మొదటి పేజీ మీద నా పేరు పక్కనే నీ పేరు ఉంటుంది. నువ్వు వాయించిన తర్వాతే దీన్ని ఇంకొకరు ముట్టుకునేది."

మార్గిట్ ఈ మాట ఇచ్చింది అమెరికాలోని బఫెలో ఊళ్ళో, నది ఒడ్డున, మూడో నంబరు గాదెలో నిలబడి. బుద్ధున్నవాళ్ళెవరూ మాట ఇవ్వడానికి ఎంచుకునే చోటు కాదది.

ఆ గాదెలకు మంచి పేరు లేదు. ఆకాశానికి ఎత్తిన కాంక్రీటు గొట్టాలు, వరసగా తొమ్మిది. ఓడల మీద గోధుమ రావడం మానేసి రెండు తరాలైంది. ఇప్పుడు పైనుంచి కిందిదాకా చీకటి తప్ప మరేమీ లేదు. ఆ మూడోదాంట్లో డెనిస్ గారహీ అనే కూలీ గోధుమలో కూరుకుపోయాడంటారు. పైనుంచి గింజ పోయడం ఆపమని తోటివాళ్ళు గొంతు చించుకున్నారట. ఆపితే ఓడకు ఆలస్యమని యజమాని ఆపనివ్వలేదట. అప్పటినుంచి గాలి కదలని రాత్రుల్లో లోపలినుంచి మూలుగు వస్తుందని ఆ పేటలో చెప్పుకుంటారు.

దెయ్యాలను నమ్మనివాళ్ళు కూడా ఈ కథ నమ్ముతారు. దెయ్యం సంగతి ఎలా ఉన్నా, యజమాని సంగతి అబద్ధంలా వినిపించదు మరి.

కోర్విన్ మాత్రం నవ్వేవాడు. అతనికి ఆ గాదె అంటే ప్రాణం. లోపల చిటికె వేస్తే ఆ చప్పుడు చావడానికి ఇరవై సెకన్లు పైగా పడుతుంది. అతను వాయించేది డబుల్ బాస్ — నిలబడి, ఒళ్ళంతా ఆనించి వాయించాల్సిన, మనిషికంటే ఎత్తైన ఫిడేలు. అతనూ మార్గిట్టూ మరో ముగ్గురూ కలిసి చేసే సంగీతంలో ఈల వేసుకునే పాటలుండవు. ఒక్క వాద్యంలో ఎన్ని గొంతులు దాగున్నాయో తవ్వి తీయడమే వాళ్ళ పని.

ప్రతి బాస్‌లోనూ ఎక్కడో ఒక స్వరం కుదరదు. అక్కడ కమాను ఆనిస్తే చెక్క ఎదురు తిరుగుతుంది. స్వరం తడబడి, వణికి, ఊళ వేస్తుంది. వాయించేవాళ్ళు దాన్ని 'తోడేలు' అంటారు. తీగకు చిన్న ఇత్తడి బిళ్ళ బిగించి దాని నోరు మూయిస్తారు. ఏ రెండు బాస్‌లలోనూ అది ఒకలా అరవదు.

కోర్విన్ ఆ బిళ్ళ పీకి పారేశాడు. "అణిచేసిన గొంతుదే మొదటి హక్కు" అనేవాడు. రెండు చలికాలాలు ఆ తోడేలును మచ్చిక చేశాడు. కమాను ఎంత నొక్కితే అది మూలుగుతుందో, ఎంత వదిలితే ఏడుస్తుందో, పక్క తీగను ఎంత వదులు చేస్తే అది రెండు గొంతులతో మాట్లాడుతుందో — అన్నీ అతనే కనిపెట్టాడు. ఎదురుగా పెన్సిలు పట్టుకుని కూర్చుని మార్గిట్ రాసుకునేది. అతను తవ్వాడు, ఆమె రాసింది. దున్నేవాడిదే భూమి అయితే ఆ సంగీతం ఎవరిది? అడగక్కర్లేదనుకున్నాడు. మాట ఉంది కదా.

ఆగస్టులో బాస్ పక్కచెక్క చీలింది. బాగుచేసే ముసలాయన దుకాణం ఊరికి అవతల ఎక్కడో ఉంది. కోర్విన్‌కు బండి లేదు. మార్గిట్టే తన వ్యానులో తీసుకెళ్ళింది.

"జిగురు ఇంకా ఆరలేదట. మన రికార్డింగు వసంతకాలానికి తోసేశాను. నువ్వు లేకుండా ఎలా చేస్తాం, పిచ్చివాడా?" అంది అక్టోబరులో.

ఆ మాటకు అతని కళ్ళు చెమర్చాయి కూడా.

అక్టోబరు చివర్లో ఒక రాత్రి అతను గాదెల దగ్గరి బార్‌లో కూర్చున్నాడు. ఈ కథ చెప్పేది ఆ బారు నడిపే బర్నడెట్టే. డెబ్బై ఏళ్ళ మనిషి, నోటికి తాళం లేదు.

"ఏం నాయనా, నీ పడవ ఇంకా ఒడ్డుకు రాలేదా?"

"జిగురు ఆరలేదట."

"నా రెండో పెళ్ళీ అంతే. ఆరకముందే ఊడింది."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించింది.

"గారహీ లేచాడయ్యా."

"గొట్టాల్లో గాలి ఊదుతుంది, బర్నడెట్."

"గాలేదీ? రెండు రాత్రులుగా ఆకు కదల్లేదు. నా చెవులతో విన్నాను... ఏడుస్తాడు, ఆగుతాడు. కాసేపుండి మొదటినుంచి మళ్ళీ అదే ఏడుపు. మా అమ్మ చెప్పిన గారహీ ఒక్కసారే ఏడ్చేవాడు. వీడు సాధన చేస్తున్నట్టున్నాడు."

కోర్విన్ గ్లాసు కింద పెట్టాడు. నవ్వుతూనే కోటు తొడుక్కున్నాడు.

పట్టాలు దాటాడు. ఎండిన గడ్డి మోకాళ్ళదాకా ఉంది. అర్ధరాత్రి గూడ్సు బండి వెళ్ళిపోయాక ఆ పక్క చప్పుడన్నదే ఉండదు. నది కూడా నోరు మూసుకుని పారుతుంది.

ఒకటో గాదె... రెండోది...

ముందు చెవికి ఏమీ వినబడలేదు. కాళ్ళకు తెలిసింది. నేలలోంచి పాదాల్లోకి, పాదాల్లోంచి పక్కటెముకల్లోకి — ఏదో పాకింది.

ఆ తర్వాత వినిపించింది.

మూలుగు. సన్నగా మొదలై, తడబడి, వణికి, నిట్టనిలువునా లేచి ఊళ వేసింది. ఆగింది. ఆగిన చోట ఇంకో గొంతు, దానికి కింద, చాలా కింద... ముసలివాడు నిద్రలో మాట్లాడినట్టు.

కోర్విన్ నవ్వు ఎక్కడ పోయిందో తెలీదు. అది గారహీ అయితే బాగుండేది. కాదు. కోటు జేబులో అతని ఎడమచేతి వేళ్ళు ఆ ఊళతోపాటు వాటంతట అవే కదులుతున్నాయి. ముందు ఏం రాబోతోందో మనసుకంటే ముందు వేళ్ళకు తెలుస్తోంది. ఇక్కడ ఆగుతుంది... ఆగింది. ఇక్కడ ఏడుస్తుంది... ఏడ్చింది.

తన గొంతు తనకు బయటినుంచి వినబడితే మనిషి ఎప్పుడో చచ్చిపోయినట్టే. "నేను ఉన్నానా?" అని పైకే గొణిగాడు. గాదె ఊళ వేసింది.

రేకు తలుపు కింద సన్నగా ఎర్రటి గీత. వెలుతురు.

తలుపును రెండు చేతులతో పట్టుకుని, కీచుమనకుండా, అంగుళం అంగుళం తెరిచాడు.

కొంగల్లా మెడలు చాచిన మైకులు. ఫిడేలులాంటి వయోలా ఒళ్ళో పెట్టుకున్న పిలార్, బృందంలోదే, ఆరేళ్ళుగా స్నేహితురాలు. చెవులకు హెడ్‌ఫోన్లతో, కళ్ళు మూసుకుని మార్గిట్. వాళ్ళ నడుమ నిలబడ్డది... అతని బాస్.

పక్కచెక్క మీద కొత్త అతుకు కనిపిస్తూనే ఉంది. జిగురు ఎన్నడో ఆరింది. ఇత్తడి బిళ్ళ లేదు. దాన్ని కౌగిలించుకుని వాయిస్తున్నది టొరంటోలో బాగా పేరున్న మనిషి — కోర్విన్ గోడ మీద అతని బొమ్మ ఉంది. మనిషిని మార్చగలిగారు. తోడేలును మార్చలేకపోయారు. అది వేరే బాస్‌లో అరవదు కాబట్టి, బాస్‌ను ఉంచుకుని కోర్విన్ను తీసేశారు.

చివరి ఊళ లేచింది. కమాను గాల్లోకి వచ్చేసింది. ధ్వని ఒంటరిగా గాదె ఎక్కడం మొదలుపెట్టింది.

ఇప్పుడు అరవాలి. ఒక్క కేక చాలు, అంతా పాడవుతుంది. కోర్విన్ నోరు తెరిచాడు —

ఎర్రదీపం వెలుగుతోంది.

రికార్డింగు సాగుతోందని చెప్పే ఆ దీపం ఉండగా ధ్వని పూర్తిగా చచ్చిపోయేదాకా కదలకూడదు. దగ్గకూడదు. ఊపిరి గట్టిగా తీయకూడదు. పన్నెండో ఏటినుంచి ఎముకల్లో ఇంకిన చదువు అది. ఆ చదువే ఇప్పుడు అతని గొంతు పట్టుకుంది. ఐదు సెకన్లు... పది... తనను దోచుకుంటున్న చోట, దోపిడీ చెడిపోకుండా, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పదిహేను... ఇరవై... పైన ఎక్కడో, చీకట్లో, తోడేలు పడుకుంది.

"ఇదే," మార్గిట్ గుసగుసలాడింది. "ఇంతకంటే బాగా రాదు."

దీపం ఆరింది. అప్పుడు చూశారు అతన్ని. పిలార్ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"కోర్విన్... నీకు చెబుదామనే..." అందామె.

"ఎప్పుడు? రికార్డు అంగట్లోకి వచ్చాకా?"

టొరంటో ఆయన బాస్‌ను ఒంటినుంచి దూరంగా పట్టుకున్నాడు. "ఇది మీదా? బృందానిది అన్నారు నాతో."

మార్గిట్ లేచి వచ్చి కోర్విన్ భుజం మీద చెయ్యి వేయబోయింది. అతను తప్పుకున్నాడు.

"పేరున్న మనిషి కావాలన్నారు రికార్డు కంపెనీవాళ్ళు. లేకపోతే అసలు రికార్డే వెయ్యం అన్నారు. పని బతకాలా వద్దా? అయినా... సంగీతం ఎవరి సొత్తూ కాదని ఊరంతా చెప్పుకు తిరిగింది నువ్వే కదా!"

"ఎవరి సొత్తూ కాదన్నాను. మీదని అనలేదు."

స్టాండు మీది కాగితాలు తిప్పాడు. మొదటి పేజీ. మార్గిట్ పేరు. దాని పక్కన తెల్ల కాగితం... అంతే. లోపలి పేజీల్లో మాత్రం అతనే ఉన్నాడు. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వదలాలో, అతను చెప్పిన ప్రతి ముక్కా ఆమె చక్కటి చేతిరాతలో.

"రేపు కూర్చుని మాట్లాడుకుందాం," అంది మార్గిట్, ఇంకా గుసగుసగానే.

"మాటలు చాలా విన్నాను. ఈసారి రాసివ్వండి."

కోర్విన్ టొరంటో ఆయన చేతుల్లోంచి బాస్ తీసుకున్నాడు. ఆయన తలుపుదాకా తనే వచ్చి సాయం పట్టబోతే, పిలార్ కూడా లేచింది. కోర్విన్ ఆమెవైపు చూడలేదు. ఒక్కడే భుజానికెత్తుకుని, తలుపు పూర్తిగా తీసి, గడ్డిలోకి నడిచాడు.

బార్ మూసే వేళకు వచ్చాడట. బాస్‌ను కుర్చీలో మనిషిని కూర్చోబెట్టినట్టు ఆనించాడట.

"దెయ్యం దొరికిందా?" అని అడిగింది బర్నడెట్.

"దొరికాయి. మైకులు పెట్టుకుని కూర్చున్నాయి."

ఆమె గ్లాసు నింపి ముందుకు తోసింది. అతను తాగలేదు. గాదెలోంచి వచ్చేముందు స్టాండు మీది పెన్సిలుతో ఆ మొదటి పేజీ మీద, తెల్లగా వదిలేసిన చోట, కాగితం చిరిగేటంత నొక్కి రాసిన నాలుగు వాక్యాలు ఆమెకు అప్పజెప్పాడు. ఆమె నాకు అప్పజెప్పింది:

"ఈ ధ్వని నేను కనిపెట్టాను. ఈ రాత్రి దీన్ని చెడగొట్టకుండా వదిలిందీ నేనే. నా పేరు ఇక్కడ ఎందుకు లేదో రాతపూర్వకంగా జవాబు కావాలి. గడువు నవంబరు 19, సాయంత్రం ఐదు గంటలు."