పొత్తుకడియం

సముద్రం ముందుకొచ్చి ఊరు మునిగాక పుట్టినవాళ్లకు నేల మీద ఇల్లంటే ఏమిటో తెలియదు. నీటిపేటలో ఇళ్లన్నీ తేలుతుంటాయి. కొట్టుకుపోకుండా వాటిని ఒకదానికొకటి లావుపాటి మోకులతో కట్టేస్తారు. ఆ మోకుల లోపలే తీగ ఉంటుంది. కరెంటైనా, కబురైనా అందులోంచే పోవాలి.

డాక్టర్ పైడితల్లి కనిపెట్టిన పొత్తుకడియం నడిచేదీ ఆ తీగతోనే. ఆడమనిషి మీద దెబ్బ పడితే చాలు, ఆమె కడియంలోని సెన్సర్ నరాల్లోని నొప్పిని పట్టుకుని పేటలో కడియం వేసుకున్న అందరికీ పంపిస్తుంది. ఒక ఇంట్లో చెంప పగిలితే పేటంతా చెంప పట్టుకోవాలి. అప్పుడైనా జనం కదులుతారని ఆమె ఆశ. పేటవాళ్లు కూటం పెట్టుకుని, ఒప్పుకునే తొడుక్కున్నారు.

మొదట్లో కదిలారు కూడా. నొప్పి పుట్టగానే వెళ్లి ఆ గుమ్మం ముందు నిలబడేవారు. మగాళ్లు సిగ్గుపడి చేయి దించారు. ఎల్లాజీ ఒక్కడే దించలేదు. తన దెబ్బ తనకే తగులుతున్నా పళ్లు బిగబట్టి పెళ్లాం నూకరత్నాన్ని బాదేవాడు. తీగ ఒడ్డు దాకా ఉంది గనక, అక్కడి ప్రయోగశాలలో తనూ కడియం వేసుకున్న పైడితల్లికీ ఆ దెబ్బలు తగిలేవి. వాణ్ణి పేటలోంచి పంపేయమని పేటపెద్ద సోంబాబుకి చెప్పి చెప్పి ఆమె విసిగిపోయింది. చేపల వల పని బాగా తెలిసినోడు, ఎలా పంపుతామని ఆయన నసిగేవాడు. పేటవాళ్లు గుమ్మం దాకా వెళ్లడం కూడా మానేశారు.

ఉన్నట్టుండి దెబ్బలు ఆగిపోయాయి. రోజులు గడిచినా పైడితల్లి చెంప చురుక్కుమనలేదు. ఆమెకు సన్మానం చేస్తామంటూ పేటవాళ్లు పడవలేసుకుని ఒడ్డుకొచ్చి షామియానా వేశారు. సోంబాబు శాలువా పట్టుకుని ప్రయోగశాల లోపలికొచ్చాడు.

పైడితల్లి సంతోషంగా, కడియాల కబుర్లన్నీ చేరే యంత్రం దగ్గరికి వెళ్లింది. దెబ్బలు ఆగాయన్న మాట దాని నోట వినాలనిపించి అడిగింది.

"పేటలో హింస లేదు," అంది యంత్రం.

"నూకరత్నం ఎలా ఉంది?"

"ఆ కడియం తీగకు అందడం లేదు."

"ఇంటిని చూడు."

"పేటలో ఆ ఇల్లు లేదు."

పైడితల్లి సోంబాబు వైపు తిరిగింది. ఆయన తడబడలేదు.

"ఆల మోకు ఇప్పేసినాం తల్లీ. ఆలుమొగుల గొడవకి పేటంతా ఎన్నాల్లు దెబ్బలు తింతాది? ఇప్పుడు పిల్లలు సుకంగా తొంగుంతన్నారు. నీ మిసను మంచిదేనమ్మా."

"ఇప్పితే వాణ్ణి ఇప్పాలి గానీ, దాన్నెందుకు ఇప్పినారు? ఇల్లెటు పోనాది?" చదువుకున్న భాష మరిచిపోయి అడిగింది.

"ఆటుపోటుకి ఎటో పోయుంతాది. మరెవులూ సూడనేదు."

 పైడితల్లి పడవ తాళం తీసుకుని, వెతకడానికి ఎవరొస్తారని బయట జనాన్ని అడిగింది. అందరూ సోంబాబు మొహం చూశారు.

"ఎల్దాం తల్లీ, ఎల్లకేటి," అన్నాడాయన. "ముందు ఈ శాలువా ఏయించుకో. జనం ఎండలో కూకున్నారు."

పైడితల్లి ఒక్కతే పడవెక్కింది. వెనక మైకులో ఆమె పేరు పిలుస్తూనే ఉన్నారు.