పెట్టె కోసం వెనక్కి

మా బాబాయి కొడుకు వీర్రాజు బాగుపడడు. నేను వాంకూవర్‌లో వృద్ధాశ్రమం వంటగదిలో సూపు కలుపుతుంటే, వాడక్కడ ఊళ్ళో నా పొలానికి కంచె వేసుకున్నాడు. కేసు నిలబడాలంటే నేనే వెళ్ళాలి. వెళ్తే వర్క్ పర్మిట్ పోయినట్టే, మళ్ళీ రాలేను.

రాకపోతే ఏం? అదే నాకు తేలలేదు, పద్మ వల్ల.

పద్మ మా ఆశ్రమంలోనే కేర్ ఎయిడ్, పెద్దవాళ్ళని కనిపెట్టుకునే పని. భర్త పోయి ఎనిమిదేళ్ళు. రోజూ ఒకటే ప్రశ్న.

"టికెట్ బుక్ చేశారా, మల్లికార్జున్ గారూ?"

"నన్నెప్పుడు సాగనంపుదామా అని ఉందే మీకు!"

"ఉప్పులేని సూపు పీడ వదులుతుందనీ!" అని నవ్వి, కిటికీలోంచి వాన చూసేది.

మాట వింటే పొమ్మన్నట్టుంది. నవ్వు చూస్తే ఉండమన్నట్టుంది. నలభై తొమ్మిదేళ్ళ బ్రహ్మచారిని, నాకేం తెలుస్తుంది?

ఓ శుక్రవారం హెలెన్ గారికి సూపు పట్టుకెళ్ళాం. తొంభై రెండేళ్ళావిడ. మంచం మీద కూడా బూట్లు విప్పదు. ఎందుకని అడిగాను. ఆవిడ చెప్పింది ఏడో తరగతితో ఆగిన నా ఇంగ్లీషుకి అందలేదు. పద్మ తెలుగులో చెప్పింది.

"యుద్ధం రోజుల్లో ఓడలో వస్తున్నారట. టార్పెడో తగిలింది. ఈవిడకి ఏడేళ్ళు. వట్టికాళ్ళతోనే లైఫ్‌బోట్‌లోకి దించారు. వాళ్ళ నాన్న పెట్టె కోసం మళ్ళీ కిందికెళ్ళాడు. అంతే. ఇంకో ఓడ వచ్చేదాకా ఎవరో ముక్కూమొహం తెలియనావిడ ఈ పాదాలు ఒళ్ళో పెట్టుకుందట."

హెలెన్ గారు ఆగింది. పద్మ ఆగలేదు.

"పెట్టె కోసం వెనక్కెళ్ళిన వాళ్ళు మళ్ళీ రారు. బోట్‌లో చోటుంది, కూర్చోండి."

"ఆవిడ నోరు మూసుకునే ఉంది. ఇదెవరన్నారు?"

పద్మ గిన్నె సర్దింది. సర్దిన గిన్నెనే మళ్ళీ సర్దింది.

"తేల్చి చెప్పండి. రోజూ టికెట్, టికెట్ అని తరిమారుగా!"

"తరమలేదు మహానుభావా! ఇంకెన్ని రోజులుంటారోనని లెక్కపెట్టుకున్నాను."

హెలెన్ గారు మా ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది.

"డిడ్ షి టెల్ యూ ఎవ్రీథింగ్?"

"ఎస్ మేడమ్. ఎక్‌స్ట్రా కూడా."

ఆవిడ బూటుకాళ్ళు ముడుచుకుని, మంచం మీద ఇద్దరికీ చోటిచ్చింది. కూర్చున్నాం.

నేను కేసుకి వెళ్ళలేదు. వీర్రాజుని క్షమించానని అనుకోకండి. ఇప్పటికీ తిడతాను, పద్మ పక్కన కూర్చుని. పోయింది రెండెకరాల ఇరవై సెంట్లు, బోరుతో సహా.