క్యారియర్ల గోడ

సుబ్బన్‌ని చంపినవాళ్లు శవాన్ని బబుల్ ర్యాప్‌లో శ్రద్ధగా చుట్టి, పైన 'ఫ్రాజైల్' స్టిక్కర్ కూడా అంటించారు. తొండియార్‌పేట గోడౌన్‌లో ప్యాకింగ్ కూలీ వేషంలో కాపలా ఉన్న మన ఏజెంట్ అతను. చంపి వెటకారం కూడా చేసే విదేశీ ముఠా ఒక్కటే ఉంది. దాని పేరు ఆర్కిడ్.

"కూర్చోకు, టైం లేదు," అన్నారు చీఫ్ అచ్యుతరామయ్య. "యూరప్‌లో అంతర్జాతీయ కళా ప్రదర్శన. ఈసారి ఇండియాకి సొంత పెవిలియన్ ఉంది. మన తరఫున వెళ్లేది ఒకే ఒక్క కళాఖండం, ఆ గోడౌన్‌లోనే ప్యాక్ అవుతోంది. ఆర్కిడ్ వాళ్లు అందులో ట్రాన్స్‌మిటర్ దాచారు. ప్రారంభోత్సవం రోజు అక్కడి పోలీసులకి వాళ్లే ఉప్పందిస్తారు. దేశం పరువు పోతుంది. ఆ కళాకారిణి గూఢచారి అన్న ముద్రతో పరాయి దేశం జైల్లో కూర్చుంటుంది."

"కంటెయినర్ ఎప్పుడు సీల్ చేస్తారు సార్?" అడిగాడు ఏజెంట్ వంశీకృష్ణ.

"ఇవాళ మధ్యాహ్నమే. ఆర్కిడ్‌లో మన మనిషి ఒకామె ఉంది. అక్కడ నిన్ను కలుస్తుంది."

ఇన్సూరెన్స్ సర్వేయర్ వేషంలో వంశీకృష్ణ గోడౌన్ చేరాడు. గేటు దగ్గర పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చేతిలో పర్సు.

"కూవంలో చేపలు పడుతున్నాయా?"

"ఆ మురుగులో పడినా తినేదెవరు?"

కోడ్ సరిపోయింది. ఆమె నీహారిక. అందాన్ని నమ్మితే ఈ ఉద్యోగంలో ప్రాణం మీదికొస్తుందని వంశీకృష్ణకి తెలుసు. తెలిసీ రెండోసారి చూశాడు.

"కళాఖండంతో పాటు వెళ్లే ప్రొజెక్టర్‌లో ఉంది. పక్కా ఇన్ఫర్మేషన్," అంది నీహారిక.

ప్రొజెక్టర్ని ఆఖరి స్క్రూ దాకా విప్పాడు. ఏమీ లేదు. తలెత్తేసరికి ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని కళాకారిణి పంకజం.

"ఇన్సూరెన్స్ అంటావు, ఈడ కూర్చోని నా మిషన్‌ని ముక్కలు చేస్తావు. ఎన్న ఇది?"

ఇక వేషం అనవసరం అనిపించింది. "అక్కా, మీ పనిలో ఎవరో దొంగ సరుకు పెట్టారు. అది అక్కడికి చేరితే మిమ్మల్ని అరెస్టు చేస్తారు."

"నన్నా?" పంకజం నడుం మీది చేతులు దించేసింది. "నేనేం చేస్తిని?"

ఆమె పని ఒక గోడ. పెరంబూరు కార్మికుల ఇళ్లు తిరిగి, అడిగి, బతిమాలి తెచ్చిన పాత స్టీలు టిఫిన్ క్యారియర్లను మూతలు ప్రేక్షకుల వైపు ఉండేలా పేర్చింది. మూతల మీద ఆ ఇళ్ల ఆడవాళ్ల పేర్లు. వంశీకృష్ణ తన వాచీలోని డిటెక్టర్ నొక్కాడు. ఇంకా ఆన్ చేయని ట్రాన్స్‌మిటర్‌ని ఏ వాచీ పట్టుకోదు. డిపార్ట్‌మెంటు ఆ సంగతి వాచీ ఇచ్చేటప్పుడు చెప్పలేదు.

క్యారియర్లు ఒక్కొక్కటే విప్పసాగాడు. అన్నీ ఖాళీ.

"టైమ్ ఆచ్చు సార్, ఇక సీలెయ్యాలి," అన్నాడు కస్టమ్స్ అధికారి సీలు చేత్తో పట్టుకుని.

"వదిలేయండి," అంది నీహారిక, కాస్త తొందరగానే. "నా సోర్స్ పొరబడి ఉంటాడు."

వంశీకృష్ణ చెయ్యి ఒక క్యారియర్ దగ్గర ఆగింది. మూత మీద కాళియమ్మ అని ఉంది. కింది గిన్నెలు తిప్పి చూశాడు. దేని మీదా పేరు లేదు.

అతను పెరిగింది పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో. అక్కడ క్యారియర్ కొంటే గిన్నె గిన్నెకీ పేరు చెక్కిస్తారు. సాంబారు పోసి పక్కింటికి పంపిన గిన్నె పేరు లేకపోతే తిరిగి రాదు. వచ్చినా తగువుతోనే వస్తుంది. ఆర్కిడ్ వాళ్లు సొట్టలతో సహా నకలు చేశారు గానీ, చేసింది ప్రదర్శన కేటలాగ్‌లోని ఫొటో చూసి. ఫొటోలో కనిపించేది మూతే.

అడుగు గిన్నెని నేలకేసి కొట్టాడు. దొంగ అడుగు ఊడి, నల్లటి చిప్ బయటపడింది.

"దాన్ని అక్కడే పెట్టు," అంది నీహారిక. ఆమె చేతిలోని పర్సు ఇప్పుడు పిస్తోలు. "సుబ్బన్ కూడా నీలాగే అన్నీ తిప్పి చూశాడు."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈసారి ఈశ్వరుడి దాకా పోనక్కర్లేకపోయింది. పంకజం పక్కనున్న ట్రాలీని కాలితో ఒక్క తన్ను తన్నింది. అది పోయి నీహారిక మోకాళ్లకి తగిలింది. తూటా గోడౌన్ కప్పుకి పోయింది. వంశీకృష్ణ పిస్తోలు లాక్కున్నాడు.

"నన్ను జైల్లో పెట్టేదానికా ఇదంతా చేసిరి?" పంకజం నీహారికని అడిగింది.

పోలీసులు నీహారికను తీసుకెళ్లాక చీఫ్ ఫోన్ చేశారు.

"పెవిలియన్‌కి ఢోకా లేదుగా?"

"లేదు సార్. గోడలో ఒక్క క్యారియర్ తగ్గింది."

"అన్నింట్లో ఒకటి తగ్గితే ఎవడు చూస్తాడయ్యా. సీల్ వేయించెయ్."

కాళియమ్మ అసలు క్యారియర్ దొరికేదాకా సీలు పడనివ్వనని, పంకజం అప్పటికే కంటెయినర్ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది. వంశీకృష్ణ ఫోన్ తీసుకెళ్లి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"ఆ మాట మీరే చెప్పండి సార్."

"ఎవురది?" అంది పంకజం.

ఏ శత్రుదేశానికీ వెన్ను చూపని అచ్యుతరామయ్య గారు లైన్ కట్ చేశారు.